చంటిబిడ్డతో విమానమెక్కే తల్లులకు

విమానం ఒకప్పుడు కలవారి వాహనం. ఈనాడు ఎల్లారెడ్డి, కామారెడ్డి పల్లెల నుంచి దుబాయి, మస్కట్, దోహాలకు బతుకుతెరువు కోసం వెళ్లినవారు ఎందరో. వారిలో కొందరి ఇల్లాళ్లు చంటిబిడ్డలను ఎత్తుకుని భర్తల దగ్గరకు ప్రయాణమవుతుంటారు. పాలసీసా, గుడ్డలు, మందులు అన్నీ జాగ్రత్తగా సర్దుకుంటారు. కాని విమానంలో బిడ్డకు బెల్టు సంగతి ఏమిటని ఆలోచించేవారు తక్కువ. "నా ఒళ్లో ఉండగా భయమేమిటి?" అనుకుంటారు.

అసలు భయం అక్కడే ఉంది. విమానం గాలిలో హఠాత్తుగా కిందికి జారినా, నేల మీద గట్టిగా కుదుపు తగిలినా, పది కిలోల బిడ్డ బరువు ఎన్నో రెట్లై చేతుల్లోంచి ఎగిరిపోతుంది. ఎంత బలశాలి అయినా పట్టి ఆపలేడు.

1989 జూలై 19న అమెరికాలోని సూ సిటీలో ఒక విమానం కూలింది. అందులోని 296 మందిలో 112 మంది మరణించారు. సీటు లేకుండా పెద్దల ఒళ్లో ప్రయాణించిన పిల్లలు నలుగురు. అప్పటి నిబంధనల ప్రకారం వారిని కాళ్ల దగ్గర నేల మీద పడుకోబెట్టి పట్టుకోమని సిబ్బంది చెప్పారు. ఆ నలుగురిలో ఒక బిడ్డ దక్కలేదు. ఆ మాట చెప్పిన సిబ్బంది పెద్ద జ్యాన్ బ్రౌన్, పసిపిల్లలకూ ప్రత్యేక సీటు ఉండాలని ఏళ్ల తరబడి పోరాడింది. అయినా రెండేళ్లలోపు పిల్లలను ఒళ్లో పెట్టుకోవడానికి నేటికీ అనుమతి ఉంది. సీటు తప్పనిసరి చేస్తే ఖర్చుకు జంకి జనం కార్లలో పోతారనీ, రోడ్ల మీద ఇంకా ఎక్కువమంది పిల్లలు చనిపోతారనీ అక్కడి విమానయాన శాఖ వాదన.

ఈ వాదనలో మనకూ ఒక హెచ్చరిక ఉంది. ఎల్లారెడ్డి నుంచి శంషాబాదు దాకా గంటల తరబడి కారు ప్రయాణం. విమానం కంటె ఆ రోడ్డే ప్రమాదం. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ముందు సీటులో కూర్చోకండి.

మరి ఏం చేయాలి? స్తోమత ఉంటే బిడ్డకూ టిక్కెట్టు కొని, కార్లలో వాడే పిల్లల సీటును కిటికీ పక్కన బిగించండి. అది విమానంలో వాడదగినదేనా అని ముందే కంపెనీని అడగండి. అదే సీటు కారులోనూ పనికివస్తుంది.

స్తోమత లేకపోతే చంటిపిల్లల అదనపు బెల్టు అడిగి తీసుకోండి. అది మీ బెల్టుకు తగిలించి బిడ్డ నడుముకు విడిగా కట్టేది. మీ బెల్టునే ఇద్దరికీ కలిపి చుట్టకండి; కుదుపులో మీ బరువంతా బిడ్డ మీద పడి నలిగిపోతుంది. బెల్టు దీపం వెలిగితే, ఉయ్యాల తొట్టిలో నిద్రపోతున్నా సరే, బిడ్డను తీసి బెల్టు పెట్టండి. నడవా పక్క సీటు వద్దు. వేడి టీ ఒలకవచ్చు, పైనుంచి సంచి జారవచ్చు.

విమానం దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి చెవులు నొప్పి పెడతాయి. మింగుతుంటే గొంతు నుంచి చెవికి పోయే నాళం తెరుచుకుని ఉపశమనం కలుగుతుంది. దిగడానికి అరగంట ముందు నుంచీ విమానం కిందికి వస్తుంటుంది. అప్పుడు పాలు పట్టండి.

ఏడవకుండా నిద్రపోతుందని జలుబు సిరప్ పట్టకండి. రెండేళ్లలోపు బిడ్డకు అది ఊపిరికే ముప్పు తేవచ్చు.

విమానంలోని గాలి దాదాపు ఊటీ కొండ మీది గాలి అంత పలచన. కనుక పుట్టిన మొదటి వారంలో ప్రయాణం వద్దు. నెలలు నిండక పుట్టిన బిడ్డకు, గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉన్న బిడ్డకు, చెవిపోటు, జ్వరం ఉన్న బిడ్డకు డాక్టరు సలహా తీసుకున్నాకే టిక్కెట్టు కొనండి.

విమానమెక్కగానే అదనపు బెల్టు అడగడానికి మొహమాటపడకండి. ఎలా కట్టాలో తెలియకపోతే సిబ్బందినే కట్టి చూపించమనండి. అది వారి పనే.