చలనఖండములు – ఆజ్ఞాక్రమము

చలనచిత్రములతో పాఠములు కూర్చువారికి ‘మూవీ క్లిప్’ స్వభావము తెలిసియుండుట ఆవశ్యకమని మేము తలచుచున్నాము. ఫ్లాష్ సాధనమున ప్రసిద్ధికెక్కిన ఈ చలనఖండమునకు స్వకీయమైన కాలరేఖ కలదు. దానిని ఒకమారు రచించి లైబ్రరీయందుంచినచో వేదికపై ఎన్ని ప్రతిరూపములనైనను నిలుపవచ్చును. మూలమును దిద్దినచో అన్నియు మారును.

బండియను ఖండమున చక్రమను ఖండమును ఇమిడ్చితిమనుకొందము. బండికి ‘స్టాప్’ ఆజ్ఞ యిచ్చినను చక్రము తిరుగుచునే యుండును. ఏలన, ఆ యాజ్ఞ బండి కాలరేఖకే చెందును. ‘గ్రాఫిక్’ అను వేరొక జాతికి ఈ స్వాతంత్ర్యము లేదు. అది తన్ను ఇముడ్చుకొనినదాని కాలరేఖను అనుసరించును. ఈ భేదమును గుర్తింపనిచో నిలిచిన బండికి తిరుగు చక్రమును చూచి విద్యార్థి పొరబడును.

కావున చక్రమునకు వేరుగా ఆజ్ఞ నీయవలెను. దాని క్రమమిది: మొదట బండి, చుక్క, పిదప చక్రము, చుక్క, తుదకు క్రియ. అవయవి, అవయవము, క్రియ అను ఈ వరుస ‘బండి చక్రమును ఆపుము’ అను తెలుగు వాక్యపు వరుసయే. మన విద్యార్థులకు దీనిని ఈ మార్గమున బోధించుట సుకరము.

ఫ్లాష్ ప్లేయరునకు అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో పోషణ చాలించినది. అయినను క్రియేట్‌జెఎస్ వంటి గ్రంథాలయములందు మూవీ క్లిప్ నిలిచియున్నది. సాధనము గతించినను సూత్రము గతింపలేదు.