పటానికి ఏ ఫొటో?

డిమెన్షియాతో మరణించినవారి ఇళ్లలో దుఃఖం మరణానికి ఏళ్ల ముందే మొదలవుతుంది కనుక, పోయిన మనిషిని తలచుకోవడం తక్కిన ఇళ్లలో ఉన్నంత సూటిగా సాగదు. జ్ఞాపకశక్తి, భాష, వివేచన క్రమంగా క్షీణించి, రోజువారీ పనులు సైతం ఇతరుల సాయం లేనిదే జరగని స్థితిని వైద్యులు డిమెన్షియా అంటారు. దానికి కారణాలు అనేకం ఉన్నా, ఎక్కువమందిలో కనిపించేది ఆల్జైమర్స్ వ్యాధి. మన ఇళ్లలో దీనిని ‘పెద్దతనం’ అనో ‘చాదస్తం’ అనో సరిపెట్టుకోవడం వల్ల, జబ్బు సంగతి బయటపడేసరికి చాలాకాలం గడిచిపోతుంది.

వైద్యగ్రంథాలలో ఈ వ్యాధి ఒక ఇల్లాలి కథతో మొదలైంది. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో చేరిన 51 ఏళ్ల ఆగస్టె డేటర్‌ను వైద్యుడు అలోయిస్ ఆల్జైమర్ ప్రశ్నలడిగి, జవాబులను ఉన్నవున్నట్టుగా రాసుకున్నాడు. భర్త పేరేమిటని అడిగితే ఆమె తన పేరే చెప్పింది. 1906లో ఆమె మరణించాక మెదడును పరీక్షించి, నాడీకణాల మధ్య పేరుకున్న మచ్చలను, కణాల లోపల చిక్కుపడిన సన్నని పోగులను ఆయన గుర్తించాడు. 1910లో ఎమిల్ క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ వ్యాధికి ఆల్జైమర్ పేరు పెట్టాడు. వైద్యుడి పేరు లోకమంతటా నిలిచిపోగా, రోగి వివరాలున్న దస్త్రం మాత్రం 1995 దాకా వెలుగు చూడలేదు.

మరపు సాధారణంగా కొత్త జ్ఞాపకాలతో మొదలై పాతవాటివైపు నడుస్తుందని ఫ్రెంచి మనస్తత్వవేత్త తియోదూల్ రిబో 1881లోనే చెప్పాడు. కొత్త అనుభవాలను భద్రపరిచే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం ఆల్జైమర్స్‌లో తొలిదశలోనే దెబ్బతింటుంది కాబట్టి, పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు గాని చిన్ననాటి పెరటి బావి గుర్తుంటుంది. సొంత ఇంట్లోనే కూర్చుని ‘ఇంటికి పోతాను’ అని పేచీ పెట్టే పెద్దావిడ అడుగుతున్నది ఏనాడో అమ్మేసిన పుట్టింటిని కావచ్చు. చేతులకు అలవాటైన పనుల జ్ఞాపకం మెదడులో వేరే భాగాల ఆధారంగా నడుస్తుంది కనుక అది మరింతకాలం మిగులుతుంది: కన్నకూతురిని పోల్చుకోలేని తల్లి కూడా, ఒళ్లో మల్లెమొగ్గలూ దారమూ పెడితే, రెండేసి మొగ్గలు అటూ ఇటూ పేర్చి, దారం మెలివేసి, వేళ్లతో బిగించుకుంటూ మూరెడు మాల కట్టగలగడం అరుదేమీ కాదు.

మనిషి ఎదుటే ఉండి మనసు దూరమయ్యే ఈ స్థితిని అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ ‘అస్పష్ట వియోగం’ అనదగిన భావనతో వివరించారు. వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను 1970లలో పరిశీలించినప్పుడు, మనసులో ఉండి కంటికి కనబడనివారి కోసం పడే వేదనను ఆమె గమనించారు; డిమెన్షియాలో అదే తిరగబడుతుంది. పోయినట్టూ కాదు, ఉన్నట్టూ కాదు గనుక ఏడవడానికి సందర్భం దొరకదు, పరామర్శకు ఎవరూ రారు. చివరకు మరణం సంభవించినప్పుడు ‘పోయి సుఖపడింది’ అని పదిమందీ అంటారు. ఆ మాట నిజమేనని తమకూ తోచడమే ఇంటివాళ్లను లోలోపల దోషుల్ని చేస్తుంది. ఏళ్ల తరబడి చాకిరీ చేసినవారికి కలిగే ఆ ఊరటలో తప్పు వెతకడం అన్యాయం.

ఆ తరువాత వచ్చే చిక్కు చిన్నదిగానే కనిపిస్తుంది: పటం కట్టించడానికి ఏ ఫొటో ఇవ్వాలి? చివరి ఏళ్ల శూన్యమైన చూపు ఎవరికీ వద్దు. పట్టుచీరలో నవ్వుతున్న పాత ఫొటోయే గోడకెక్కుతుంది. అది సబబే, ఎందుకంటే జబ్బు చివర వచ్చినంత మాత్రాన అరవై డెబ్బై ఏళ్ల బతుకుకు అదే ముఖచిత్రం కానక్కరలేదు. మొదటి నెలల్లో ఆఖరి రూపమే కళ్లలో మెదిలినా, వంటింటి మాటలూ విసుర్లూ కాలక్రమంలో ఒక్కొక్కటే తిరిగిరావచ్చు. అయితే జబ్బు ఏళ్లను పూర్తిగా తుడిచేస్తే, ఆ ఏళ్లలో పక్కన మేలుకున్నవారి జీవితం కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

తద్దినం పెట్టే ఇళ్లలో, తన పేరే మరచిపోయిన మనిషి పేరును గోత్రంతో సహా మూడు తరాల వరుసలో ఏటా ఉచ్చరిస్తారు. విస్తట్లో ఆమెకు ఇష్టమైన గారెలు వడ్డిస్తారు. చివరి రోజుల్లో మింగడం కష్టమైతే, అవే గారెలను పెరుగులో నానబెట్టి, మెత్తగా చిదిమి, ముద్ద దిగిందో లేదో గొంతువైపు చూస్తూ తినిపించిన సంగతి వడ్డించే కోడలికి తెలుసు.