ఊడిపోరాదు, అతుక్కుపోరాదు: రొయ్యల చెరువుల ఏరియేటర్లలో నట్లు, బోల్టుల నిర్వహణ

దేశంలో 2009లో వెనామీ రొయ్యల సాగుకు అనుమతి లభించిన తరువాత నెల్లూరు తీరంలో ఏరియేటర్ల ప్రాధాన్యం బాగా పెరిగింది. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు మండలాల్లోని చెరువుల్లో పగటివేళ వృక్షప్లవకాలు ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. రాత్రి ఆ ఉత్పత్తి ఆగిపోయినా వినియోగం ఆగదు. అందువల్ల తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ కనిష్ఠ స్థాయికి చేరుతుంది. దానిని లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా నిలపడమే ఏరియేటరు పని. సరిగ్గా ఆ వేళలో కప్లింగు బోల్టు ఊడిపోతే మోటారు తిరుగుతూనే ఉంటుంది, తెడ్డు చక్రాలు మాత్రం ఆగిపోతాయి. గట్టు మీద ఉన్న కాపలాదారుకు మోటారు చప్పుడు వినిపిస్తూ ఉండటం వల్ల లోపం వెంటనే తెలియదు.

దీనికి భిన్నమైన నష్టం మరొకటి ఉంది. పంట ముగిసి యంత్రాన్ని విప్పవలసి వచ్చినప్పుడు ఉప్పునీటికి తుప్పుపట్టిన నట్టు కదలదు. దానిని కోసి తీయవలసి వస్తుంది. కాబట్టి బోల్టు పంటకాలమంతా నిలవాలి, అవసరమైన రోజున పానాకు లొంగాలి. ఈ రెండూ కలిసి సాధ్యమయ్యే పద్ధతినే ఎంచుకోవాలి.

బోల్టు ఎందుకు వదులవుతుంది?

నట్టును బిగించినప్పుడు బోల్టు అతి స్వల్పంగా సాగుతుంది. అలా సాగిన బోల్టు తిరిగి కుదించుకుపోవడానికి ప్రయత్నిస్తూ రెండు భాగాలను దగ్గరకు లాగి పట్టి ఉంచుతుంది. బిగించడానికి వెచ్చించిన బలంలో దాదాపు 90 శాతం రాపిడికే ఖర్చవుతుంది, మిగిలినదే ఈ బిగువుగా మారుతుంది. భాగాలు అడ్డంగా ఇటూ అటూ జారడం మొదలైతే మరల మధ్య రాపిడి పట్టు సడలి, నట్టు తనంతట తానే వెనక్కు తిరుగుతుంది. జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రచురించిన పరిశోధనలో ఈ విషయాన్ని నిరూపించారు. ఏరియేటరులో తెడ్డు నీటిని తాకిన ప్రతిసారీ ఇరుసుకు కుదుపు తగులుతుంది. చక్రం నిమిషానికి దాదాపు 100 సార్లు తిరుగుతుంది గనుక కప్లింగు, చక్రాల బోల్టులపై ఈ అడ్డకదలిక ఎడతెగక పనిచేస్తుంది.

యాంత్రిక పద్ధతులు

విరివిగా వాడే స్ప్రింగ్ వాషరు ఇటువంటి అడ్డకదలికను సమర్థంగా నిరోధించలేదు. పూర్తిగా బిగించాక అది చదునుగా అణగి సాధారణ వాషరు వలెనే మిగులుతుంది.

జంట నట్లు మేలైనవే గాని అమర్చే క్రమం ముఖ్యం. పలుచని నట్టు లోపల, మందమైన నట్టు పైన ఉండాలి. లోపలి నట్టును ఒక పానాతో కదలకుండా పట్టుకొని, పైనట్టును మరొక పానాతో బిగించాలి. చివరకు భారాన్ని మోసేది పైనట్టు గనుక మందమైనది అక్కడే ఉండాలి.

నైలాన్ వలయం గల లాక్ నట్టు చక్రాల బోల్టులకు అనువైనది. బిగువు కొంత తగ్గినా నైలాన్ మరలను ఒత్తి పట్టుకోవడం వల్ల నట్టు పూర్తిగా ఊడి నీటిలో పడదు. అయితే విప్పి బిగించిన ప్రతిసారీ ఆ పట్టు తగ్గుతుంది. ప్రతి పంటకు కొత్త నట్లు వేయడం శ్రేయస్కరం. నట్టు వేసిన తరువాత బోల్టు కొన నైలాన్ వలయాన్ని దాటి బయటకు కనిపించాలి.

మరలను పట్టి ఉంచే ద్రవాలు

అమెరికాలోని ట్రినిటీ కళాశాల రసాయన శాస్త్రాచార్యుడు వెర్నన్ క్రీబుల్ 1953లో రూపొందించిన ద్రవం ఈ రంగంలో కొత్త దారి తెరిచింది. గాలి తగిలినంతసేపు అది ద్రవంగానే ఉంటుంది. మరల సందులో గాలి అందక, లోహం తగిలినప్పుడు గట్టిపడుతుంది. ఖాళీలు నిండడం వల్ల అడ్డకదలికకు చోటుండదు, నీరు కూడా లోపలికి చేరదు.

సాధారణంగా నీలిరంగు ద్రవం మధ్యస్థ బలం గలది. దానిని చేతి పానాతో విప్పవచ్చు. ఎరుపురంగు ద్రవాన్ని విప్పడానికి సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వేడి అవసరం. పాలిథీన్ తేలుబుడ్లు దాదాపు 130 డిగ్రీలకే కరుగుతాయి గనుక ఏరియేటరుపై ఎరుపు రకం తగదు. రంగు తయారీదారును బట్టి మారవచ్చు కాబట్టి సీసాపై బలం వివరాన్ని చదవడం తప్పనిసరి.

ఈ ద్రవాలకు పరిమితులున్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలుపై ఇవి నెమ్మదిగా గట్టిపడతాయి, అందుకు ఉత్ప్రేరక ద్రవం ముందుగా పూయవలసి రావచ్చు. నూనె, ఉప్పు అంటిన మరలపై పట్టు బలహీనమవుతుంది. కొన్ని ప్లాస్టిక్‌లలో ఇవి పగుళ్లు కలిగిస్తాయి. అందువల్ల ఈ ద్రవాలను గేరుపెట్టె, కప్లింగు వంటి లోహ భాగాలకే పరిమితం చేసి, ప్లాస్టిక్ చక్రాలకు లాక్ నట్లు వాడాలి.

ఉప్పునీటి ప్రభావం

స్టెయిన్‌లెస్ ఇరుసుకు సాధారణ ఇనుప బోల్టు వేస్తే ఉప్పునీటిలో ఇనుము త్వరగా క్షయమవుతుంది. 304 రకం కంటే మాలిబ్డినం కలిసిన 316 రకం లవణాల దాడికి బాగా తట్టుకుంటుంది. అయితే స్టెయిన్‌లెస్ నట్టును స్టెయిన్‌లెస్ బోల్టుపై వేగంగా తిప్పితే మరలు ఒరుసుకొని ఒకదానికొకటి పట్టేస్తాయి. లాక్ నట్లు వాడేచోట పట్టేయకుండా కాపాడే గ్రీజు పలుచగా రాసి, నిదానంగా బిగించాలి. గ్రీజు రాసిన మరలకు పట్టు ద్రవం వాడరాదు. గ్రీజు వల్ల రాపిడి తగ్గుతుంది గనుక పూర్వపు బలంతోనే బిగిస్తే బోల్టు మితిమీరి సాగవచ్చు.

పాటించవలసిన క్రమం

కొత్తగా అమర్చిన ఏరియేటరును కొన్ని గంటలు నడిపాక లాక్ నట్లు, జంట నట్లు మరొకసారి బిగించాలి. తొలి గంటల్లో తాకుడు తలాలు సర్దుకొని బిగువు కొంత తగ్గుతుంది. పట్టు ద్రవం గట్టిపడిన చోట మాత్రం మళ్లీ తిప్పరాదు, తిప్పితే పట్టు చెదురుతుంది. తరువాత నట్టు మీదుగా కప్లింగు వరకు పెయింటుతో ఒకే గీత గీయాలి. నట్టు తిరిగితే గీత తెగి కనిపిస్తుంది. పగటి తనిఖీలో పానా లేకుండానే, కంటితోనే లోపం పసిగట్టవచ్చు. విద్యుత్ సరఫరా పూర్తిగా నిలిపిన తరువాతే యంత్రాన్ని తాకాలి.

రైతు శిక్షణ కార్యక్రమాల్లో మేత, వ్యాధులు, నీటి పరీక్షలతో పాటు ఈ అంశానికి కూడా ఒక గంట కేటాయించడం సముచితం. రెండు పానాలు, ఒక పాత కప్లింగు ఉంటే ప్రదర్శన సాధ్యమే. పగలు గీసిన ఆ పెయింటు గీత తెల్లవారుజామున చెరువుకు ఆక్సిజన్ అందేలా చూస్తుంది.