బోటు ఇంజను దగ్గుతోందా?

జూన్ 15 తర్వాత కాకినాడ దగ్గర ఉప్పాడ తీరానికి వెళ్తే ఒక సౌండ్ తెగ వినిపిస్తుంది. ఎవరో ఇంజను తాడు లాగుతారు, అది నాలుగుసార్లు దగ్గి ఆగిపోతుంది, ఆ వెంటనే తిట్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో ఇంజను బోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే టైం కదా. చేపలకి మంచిదే, పాత ఇంజనుకే ఆ సెలవు పడదు.

మా మావయ్యకి ఫైబర్ బోటు ఉంది, దాని వెనక తగిలించే పాత టూ-స్ట్రోక్ పెట్రోల్ ఇంజను ఉంది. దాని పక్కన కూర్చుని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. నడిసముద్రంలో ఇంజను ఆగితే బైక్‌లా తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి పోలేం. గాలి ఎటు తోస్తే అటే, బోటులో ఉన్న నలుగురూ. అందుకే రోగం ఒడ్డునే పట్టుకోవాలి.

చాలామంది ఇంజను దగ్గగానే స్క్రూడ్రైవర్ తీసి కార్బ్యురేటర్ స్క్రూ తిప్పేస్తారు, ప్లగ్గులు మార్చేస్తారు, ఫిల్టర్ కూడా మార్చేస్తారు, అన్నీ ఒకేసారి. ఇది నాకస్సలు నచ్చదు. ఇంజను స్టార్టయినా దేనివల్ల బాగుపడిందో తెలీదు, మళ్ళీ సముద్రంలోనే ఆగుతుంది. మావయ్య ముందు అడిగేది ఒక్కటే: "ఎప్పుడు ఆగిపోతంది రా అల్లుడూ?" మన ల్యాబ్‌లో కోడ్ ఏ ఇన్‌పుట్‌కి క్రాష్ అవుతోందో చూసినట్టే.

పది నిమిషాలు బాగా నడిచి ఆగి, కాసేపటికి మళ్ళీ స్టార్టవుతోందా? ముందు ట్యాంకు మూత చూడండి. మూత మీద గాలి లోపలికి పోయే చిన్న స్క్రూ ఉంటుంది. అది బిగించి ఉంటే పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి, పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. మూత వదులు చేయగానే 'సుయ్' మని గాలి లాక్కుంటే దొంగ దొరికినట్టే. రూపాయి ఖర్చు లేదు.

అది కాకపోతే పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు ప్రైమర్ బల్బు దగ్గరికి రండి. ఇంజను ఆగబోతుంటే దాన్ని పిసకండి. ఇంజను తేరుకుందంటే పెట్రోలు తనంతట తాను సరిపడా రావట్లేదన్నమాట. బల్బు చప్పగా అతుక్కుపోతే ట్యాంకు వైపు ఎక్కడో అడ్డం ఉంది. ఎంత పిసికినా గట్టిపడకపోతే ఎక్కువగా పైపు పగులో, కనెక్టర్‌లో అరిగిన రబ్బరు రింగో గాలి లాగుతోందని.

స్పీడులో బాగానే ఉండి, స్లో చేయగానే చచ్చిపోతే మాత్రం అనుమానం కార్బ్యురేటర్ మీదే (మా తీరంలో దాన్ని 'కార్బెటర్' అంటేనే తెలుస్తుంది). రెండు నెలలు లోపల నిలిచిన పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. స్లోకి పెట్రోలు ఇచ్చే జెట్టు రంధ్రం వెంట్రుకంత సన్నం, మొదట మూసుకుపోయేది అదే. చోక్ కొంచెం లాగితే ఇంజను నిలబడుతోందంటే పెట్రోలు తక్కువ పడుతోందనే. జెట్టు విప్పి క్లీనర్ స్ప్రేతో, గాలితో శుభ్రం చేయాలి. ఇనుప తీగతో పొడవద్దు, రంధ్రం పెద్దదైపోతే జెట్టు పారేయాల్సిందే.

ఇప్పుడు మన బంకుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీళ్ళని పీల్చుకుంటుంది. సముద్రం పక్కన, సగం ఖాళీ ట్యాంకులో రెండు నెలలంటే ఇంకేం చెప్పాలి! ట్యాంకు అడుగునుంచి కొంచెం గాజుసీసాలోకి తీసి కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ఆ పెట్రోలు వాడకూడదు. పాత రబ్బరు పైపులకీ ఇథనాల్ పడదు.

ఇక నిప్పురవ్వ. తాడు చాలాసార్లు లాగాక ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు రావట్లేదు, తడిసి ముద్దయితే పెట్రోలు వచ్చింది కానీ అంటుకోవట్లేదు. అయితే ఆయిల్ ఎక్కువైనా ప్లగ్గు నల్లగా జిడ్డు పడుతుంది. చాలా టూ-స్ట్రోక్ ఇంజన్లకి 50:1, అంటే పది లీటర్లకి 200 మిల్లీలీటర్లు, మీ ఇంజనుకి ఎంత చెప్పారో అంతే పోయాలి. వేడెక్కాకే ఆగి, చల్లారితే స్టార్టయితే కాయిల్‌ని అనుమానించాలి. అది వేడిగా ఉన్నప్పుడే టెస్టర్‌తో చూడాలి, చల్లారాక చూస్తే అమాయకంగా కనిపిస్తుంది. పెట్రోలు ఆవిరి ఉన్నచోట ఓపెన్‌గా స్పార్క్ చూడొద్దు, ప్లగ్గు చేత్తో పట్టుకోవద్దు.

వెనక నుంచి సన్నగా వచ్చే నీటిధార కూడా చూస్తూ ఉండండి. అది ఆగితే ఇంజను చల్లబడట్లేదు, వెంటనే ఆపాలి. ఇసుక, ఉప్పు, లేదా అరిగిన పంపు రెక్కలు.

నిషేధం మొదలయ్యే ముందు సాయంత్రం మావయ్య ఇంజనుని మంచినీళ్ళ డ్రమ్ములో దించి స్లోలో నడుపుతాడు, పెట్రోలు పైపు పీకేసి. ఉప్పు కడుక్కుపోతుంది, కార్బ్యురేటర్‌లో మిగిలింది తాగేసి ఇంజను తనే ఆగిపోతుంది. ఆ తర్వాత అడుగు స్క్రూ విప్పి చివరి చుక్క కూడా దింపేస్తాడు. అరగంట పని.