గమ్ము వాసనొస్తే గమ్మునుండొద్దు!

సెలవులొస్తే చాలు, పిల్లల బల్ల మీద బాల్సా చెక్కలకూ ఫోమ్ షీట్లకూ రెక్కలొస్తాయి. చేతిపనీ సైన్సూ కలగలిసిన మంచి సరదా అది. కానీ ఆ రెక్కల్ని అతికించే గమ్ము ఆవిరిని ఎక్కడ, ఎంతసేపు పీలుస్తున్నారన్నది ఎవరూ పట్టించుకోరు. తలుపులు మూసిన ఏసీ గదిలో అసలు చిక్కంతా దానితోనే!

పుప్పాలగూడ... ఒకప్పుడు హైదరాబాద్ శివారు పల్లె. ఇప్పుడు ఓ పక్క మణికొండ, మరో పక్క నానక్‌రాంగూడ, నడుమ ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు. ఎటు చూసినా కట్టడాలే. దుమ్ము భయంతో చాలామంది బాల్కనీ తలుపు తీయరు. ఎండాకాలమైతే ఏసీ సరేసరి. మన ఇళ్లలో ఉండే స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకి వదులుతుంది తప్ప, బయటి గాలిని లోపలికి తేదు. గమ్ము నుంచి లేచిన ఆవిరి కూడా ఆ గదిలోనే చక్కర్లు కొడుతుంది. పిల్లలేమో ముక్క సరిగ్గా అతికిందో లేదోనని బల్ల మీదికి వంగి, ట్యూబుకు జానెడు దూరంలో ముక్కు పెట్టి మరీ చూస్తారు. పైగా ఈ ఆవిర్లలో చాలావరకు గాలికన్నా బరువైనవి. పైకి తేలిపోకుండా బల్ల చుట్టూ, నేల దగ్గరా పేరుకుంటాయి.

ఏ గమ్ములో ఏముంది?

అన్ని గమ్ములూ ఒకటి కాదు. క్షణాల్లో అంటుకునే ఫెవిక్విక్ తరహా గమ్ములో ఉండేది సయనోఅక్రిలేట్. పేరు విని సయనైడ్ అని హడలిపోనక్కర్లేదు, అది వేరు ఇది వేరు. అయితే దీని ఆవిరి కళ్లను మండిస్తుంది, ముక్కు కారేలా చేస్తుంది. చాలామంది జలుబనుకుని ఊరుకుంటారు. ఎక్కువకాలం పీల్చినవారిలో కొందరికి ఉబ్బసం మొదలయ్యే ప్రమాదమూ ఉంది. ఇంతకుముందే ఉబ్బసం ఉన్న పిల్లలైతే మరింత జాగ్రత్త.

రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీతో చర్మానికి ముప్పు. పదేపదే తగిలితే అలర్జీ రావచ్చు. ఒకసారి వచ్చిందంటే ఆ తర్వాత కొద్దిగా తగిలినా దద్దుర్లు తప్పవు.

ప్లాస్టిక్ విమానం కిట్లకు వాడే సిమెంట్లలో అసిటోన్, బ్యూటైల్ అసిటేట్ లాంటి ద్రావకాలుంటాయి. వీటితో తలనొప్పి, మత్తు, వికారం. ప్రాజెక్టుల కోసం అక్రిలిక్ షీట్లు అతికించడానికి కొందరు ఏకంగా క్లోరోఫామే వాడతారు. అది కాలేయానికి చేటు చేసే రసాయనం. పిల్లల చేతికి ఇవ్వనే కూడదు.

చెప్పులు చెప్పిన పాఠం

రబ్బరు గమ్ముల సంగతి వేరే చెప్పుకోవాలి. వీటిలో టోలుయిన్, హెక్సేన్ లాంటివి కలుస్తాయి. 1960 దశకంలో జపాన్‌లో ఇళ్లలోనే చెప్పులు అతికించి బతికే కార్మికులకు కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం మొదలైంది. పోనుపోనూ కండరాలు బలహీనపడి కొందరికి నడవడమే కష్టమైంది. గాలి ఆడని చిన్న గదుల్లో రోజుల తరబడి పీల్చిన హెక్సేనే కారణమని తేలింది. ఒంట్లోకి చేరిన హెక్సేన్ మరో రసాయనంగా మారి నరాలను దెబ్బతీస్తుంది.

సెలవుల్లో ఒక విమానం కట్టినంత మాత్రాన ఇలా అవుతుందని కాదు. ఎంత పీల్చాం, ఎన్నాళ్లు పీల్చాం అన్నదాన్ని బట్టే ముప్పు. ఆ లెక్కన ముందుగా ఆలోచించాల్సింది పక్క ఫ్లాట్లో సన్‌మైకా అతికించే కార్పెంటర్ గురించి. కొత్త ఫ్లాట్లలో ఇంటీరియర్ పని నెలల తరబడి సాగుతుంది. రోజంతా రబ్బరు గమ్ము పూసి, రాత్రి అదే ఫ్లాట్లో పడుకునే పనివాళ్లూ ఉంటారు. కిటికీలు తీసి పని చేయించడం, పడకకు వేరే చోటు చూపించడం ఇంటి యజమాని చేతిలో పనే.

ముక్కును నమ్మొద్దు

గదిలోకి అడుగుపెట్టగానే గుప్పుమన్న వాసన పది నిమిషాలకు తెలియకుండా పోతుంది. ఆవిరి పోయిందని కాదు, ముక్కు దానికి అలవాటు పడిందని అర్థం. అందుకే బయటి నుంచి వచ్చిన అమ్మకు తెలిసే వాసన లోపలున్న పిల్లాడికి తెలియదు. తల దిమ్మెక్కినా, కళ్లు మండినా వెంటనే లేచి బయటికి రావాల్సిందే.

కొవిడ్ తర్వాత ప్రతి ఇంట్లో మాస్కులున్నాయిగా అనుకుంటారేమో! గుడ్డ మాస్కూ ఎన్95 మాస్కూ దుమ్మును ఆపుతాయి, రసాయన ఆవిరిని కాదు. బాల్సా చెక్కను గరుకు కాగితంతో రుద్దేటప్పుడు మాత్రం ఆ మాస్కు పనికొస్తుంది.

ఆవ ఘాటు ఎందుకు?

అమెరికాలో 1960ల నాటికి మోడల్ విమానాల గమ్మును పిల్లలు మత్తు కోసం పీల్చడం పెద్ద సమస్యగా మారింది. 1969లో టెస్టర్స్ అనే సంస్థ తన గమ్ములో ఆవనూనె ఘాటు కలిపింది, పీలిస్తే ముక్కు మండిపోయేలా. మన దగ్గర రైల్వేస్టేషన్ల చుట్టూ తిరిగే పిల్లలు పంక్చర్ సొల్యూషన్‌ని గుడ్డలో పోసి పీల్చడం తెలిసిన విషాదమే. ఇది పేదపిల్లల గొడవే అనుకుంటే పొరపాటు. ఇలా కావాలని పీలిస్తే గుండె లయ తప్పి మొదటిసారే ప్రాణం పోవచ్చు. బట్టలకు రసాయనం వాసన, నోటి చుట్టూ పుండ్లు, తడబడే మాట, త్వరగా ఖాళీ అవుతున్న ట్యూబులు... ఇవి కనిపిస్తే కేకలేయకుండా కూర్చోబెట్టి మాట్లాడాలి, డాక్టర్ని కలవాలి.

ఇలా చేస్తే మేలు

* అతికించే పని పడగ్గదిలో వద్దు. బాల్కనీయే మంచి చోటు. గదిలోనే అయితే ఎదురెదురు కిటికీలు తీసి, గాలి బయటికి పోయేలా కిటికీ దగ్గర ఫ్యాను పెట్టాలి.

* బాల్సా చెక్కకు నీటితో తయారయ్యే తెల్ల గమ్ము చాలు. రాత్రంతా ఆరాలి, అంతే. థర్మకోల్‌ను మామూలు క్విక్ గమ్ము కరిగించేస్తుంది కూడా.

* దగ్గర్లో దీపం, అగరొత్తి, పొయ్యి ఉండకూడదు. టోలుయిన్ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పంటుకునేంత ఆవిరి ఇస్తుంది. హెక్సేన్ అయితే మైనస్ 22 దగ్గరే!

* క్విక్ గమ్మును దూదితో, నూలు గుడ్డతో తుడవొద్దు. వేడి పుట్టి చర్మం కాలుతుంది. వేళ్లు అతుక్కుంటే గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టాలి. కంట్లో పడితే రెప్పల్ని లాగొద్దు, నీళ్లతో కడిగి వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

* అతికించిన విమానాన్ని ఆ రాత్రి మంచం పక్కన పెట్టుకోవద్దు. ఆరేదాకా బాల్కనీలోనే ఉంచాలి.

* ఊపిరాడకపోయినా, స్పృహ తప్పినా గాలి తగిలే చోటికి తెచ్చి 108కి ఫోన్ చేయాలి.

ఇంతా చెప్పింది పిల్లల చేతిలోంచి విమానం లాక్కోమని కాదు. ఫోన్‌లో తల దూర్చడం కన్నా అది వెయ్యి రెట్లు నయం. విమానం ఎగరాలంటే రెక్కల కింద గాలి ఆడాలి. దాన్ని కట్టే గదికీ అదే సూత్రం!