గుంపులో ఇద్దరు బాలికలు

2004వ సంవత్సరంలో వెలువడిన ‘ఎ స్టేట్ ఆఫ్ మైండ్’ అను డాక్యుమెంటరీ చిత్రాన్ని గురించి విద్యార్థి మిత్రులతో ముచ్చటింపదలచినాము. దీని దర్శకుడు డేనియల్ గోర్డన్ అను ఆంగ్లేయుడు. 1966 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో ఇటలీని ఓడించి లోకాన్ని ఆశ్చర్యపరచిన ఉత్తర కొరియా జట్టును గురించి ఆయన అంతకుముందే, 2002లో, ఒక చిత్రం తీసియున్నాడు. ఆ పరిచయం వలన ఆయనకు ప్యాంగ్‌యాంగ్ నగరంలో ఇండ్ల లోపలికి ప్రవేశం లభించింది. పరాయి కెమెరాకు అది సామాన్యంగా దొరకునది కాదు.

చిత్రంలోని కథ స్వల్పం. పదమూడేండ్ల బాలిక ఒకరు, పదకొండేండ్ల బాలిక ఒకరు. ఇద్దరూ జిమ్నాస్టులు. 2003 సెప్టెంబరు 9న ఆ రాజ్యం ఏర్పడి 55 ఏండ్లు నిండిన సందర్భంగా జరుగు సామూహిక విన్యాసాలకు వారు నెలల తరబడి తయారగుచుందురు. ఒకరిది శ్రామిక కుటుంబం, మరొకరిది విద్యావంతుల కుటుంబం. అక్కడి పాలక పక్షపు చిహ్నంలో సుత్తి, కొడవలులతో పాటు వ్రాతకుంచె కూడ ఉన్నది. శ్రామికులు, కర్షకులు, మేధావులు అని అర్థం. ఈ విభజన ఆ దేశంలో కేవలం బొమ్మ కాదు, మనుష్యులను గుర్తించు పద్ధతి.

సామూహిక విన్యాసమనగా ఏమో కొంత వివరింపవలసియున్నది. వేలాది మంది ఒకే క్షణంలో ఒకే భంగిమను చూపుటయే దీని సారం. ఇది కొరియాలో పుట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో జర్మనీలో యాన్ నెలకొల్పిన వ్యాయామోద్యమం, 1862లో ప్రాగ్‌లో వెలసిన సోకోల్ సంఘం దీనికి మూలాలు. వాటి తర్వాత సోవియట్ కవాతులు వచ్చినవి. దేశభక్తికై పుట్టిన వ్యాయామం క్రమంగా ప్రభుత్వాల చేతి పనిముట్టయినది. ఉత్తర కొరియా దానిని ఎక్కడా లేనంత పరిమాణానికి పెంచింది. మైదానంలో జిమ్నాస్టులు, వారి వెనుక మెట్ల వరుసలలో వేలాది బాలబాలికలు. ఆ పిల్లల చేతులలో రంగు పుటల పెద్ద పుస్తకాలుండును. ఎదుటి సంకేతాన్ని బట్టి అందరూ ఒకేసారి పుట త్రిప్పగా కొండలు, పువ్వులు, నాయకుని ముఖం ప్రత్యక్షమగును. ఒక్కొక్క బాలుడు ఆ ముఖంలో ఒక చుక్క మాత్రమే. తాను నిర్మించుచున్న బొమ్మను అతడెన్నడూ చూడజాలడు.

కిమ్ జోంగ్ ఇల్ 1987లో ఈ విన్యాసాల నిర్వాహకులను ఉద్దేశించి చేసిన ప్రసంగంలో దీని ప్రయోజనాన్ని దాచకుండ చెప్పినాడు. తన ఒక్క పొరపాటు ప్రదర్శనమంతటినీ పాడుచేయునని ఎరిగిన బాలుడు, తన తలపులను, చేతలను సమూహానికి లోబరచుకొనుటకు సర్వవిధాల ప్రయత్నించునని దాని భావం. మన బడులలో పంద్రాగస్టు డ్రిల్లులో ఎవడైనా కుడికి బదులు ఎడమకు తిరిగినచో నలుగురూ నవ్వి ఊరుకొందురు. అక్కడ ఆ నవ్వుకు చోటు లేదు.

చిత్రంలో మమ్మల్ని ఎక్కువగా పట్టి నిలిపినవి స్టేడియం దృశ్యాలు కావు, ఇంటి దృశ్యాలు. వంటింటి గోడకు ఒక రేడియో ఉన్నది. ప్రభుత్వ ప్రసారం దానిలో వచ్చుచునే యుండును. శబ్దం తగ్గించుకొనవచ్చునే గాని దానిని ఆపుటకు వీలులేదు. సాయంకాలం దీపాలు ఆరిపోవును. అమెరికావారి వల్లనే ఈ దుర్గతి యని ఇంటివారు అలవాటుగా అందురు. 1990 దశకపు కరవును పెద్దలు తలచుకొందురు. ఇంతలో పిల్ల అన్నం తినలేదని తల్లి గొడవ, చదువు సాగుట లేదని మందలింపు, తాతగారి మురిపెం. ఏ ఊరి ఇల్లయినను ఇట్లే యుండును గదా అనిపించును. ఆ వెంటనే కాంక్రీటు నేలపై సాధన చేయు బాలికలు కనబడుదురు. పడుట, లేచుట, మరల అదే భంగిమ.

ఆ పిల్లలు పేక్తూ పర్వతానికి యాత్ర వెళ్లుట మరొక ఘట్టం. కిమ్ జోంగ్ ఇల్ అచటనే 1942లో జన్మించెనని వారికి బోధింపబడినది. సోవియట్ పత్రాల ప్రకారం ఆయన పుట్టినది 1941లో, ఖబారోవ్‌స్క్ సమీపంలోని ఒక పల్లెలో. చిత్రకారుడు ఈ విషయమై పిల్లలతో వాదింపడు. వారి కన్నులలోని భక్తిని మాత్రం చూపును.

ఇక్కడనే మాకు చిక్కు ఎదురైనది. బెత్తం పట్టినవాడు కనబడినచో మనం తీర్పు చెప్పుట సులభం. ఈ బాలికల ముఖాలలో భయంకన్న ఉత్సాహమే ఎక్కువ. నాయకుని ఎదుట ఆడవలెనను కోరిక వారిలో నిజమైనది. దానిని నటన యనుట వారిని అవమానించుటయే యగునని మా అభిప్రాయం. కాని వేరొక కోరిక పుట్టుటకు అవకాశమే లేని చోట పుట్టిన కోరికను స్వేచ్ఛ యనగలమా? ఆ ఉత్సాహం నిజమగుటయే మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టినది.

చిత్రం చూపనిదానిని కూడ పాఠకులు ఎరుగవలెను. ప్యాంగ్‌యాంగ్‌లో నివసించుటకే అనుమతి కావలెను. అది ఎన్నికయినవారి నగరం. 2014లో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం తన నివేదికలో ఈ విన్యాసాలను ప్రత్యేకంగా ప్రస్తావించింది. ఏడెనిమిదేండ్ల బాలుడొకడు అపెండిసైటిస్ నొప్పితోనే సాధన సాగించి, సకాలంలో చికిత్స లేక మరణించెననియు, ఆ మరణాన్ని వీరమరణంగా కొనియాడిరనియు సంఘం ఎదుట సాక్ష్యం వచ్చినది. దీనిని చదివిన పిమ్మట చిత్రాన్ని మరల చూచినచో ఆ కాంక్రీటు నేల వేరుగా కనబడును.

ఈ చిత్రానికి 2004లో ప్యాంగ్‌యాంగ్ చలనచిత్రోత్సవంలోనే రెండు బహుమతులు లభించినవి. పాశ్చాత్య దేశాలలోను ఆదరణ పొందినది. దర్శకుడు తన తీర్పును ఎవరిపైనా రుద్దకపోవుట వలన ఇది సాధ్యమయినది. అచటివారు క్రమశిక్షణను చూచిరి, ఇచటివారు మనస్సుకు వేసిన సంకెలను చూచిరి. ఆయన మరికొంత గట్టిగా ప్రశ్నింపవలసినదని మాలో కొందరనిరి. ప్రశ్నించియున్నచో ఆ వంటింటి గడప దాటియుండెడివాడా యని మిగిలినవారు అనిరి. వాదం తెగలేదు.

సెప్టెంబరు రానే వచ్చినది. ప్రదర్శనలు ఆరంభమైనవి. ప్రతిసారీ బాలికలు ఈ దినమైనా నాయకుడు వచ్చునని ఎదురు చూచిరి. ఆయన ఒక్క ప్రదర్శనకైనను రాలేదు. వారి ముఖాలలో ఒక్క క్షణం నిరాశ తోచును, ఫిర్యాదు మాత్రం లేదు. కిమ్ జోంగ్ ఇల్ 2011లో మరణించినాడు. 2013 తర్వాత కొంతకాలం నిలిచిన సామూహిక విన్యాసాలు 2018లో మరల మొదలైనవి. అప్పటికి ఈ ఇద్దరు బాలికల ఈడు ఇరువదియైదు దాటియుండవలెను. మెట్ల వరుసలలో రంగు పుటలు త్రిప్పినవారు వేరే పిల్లలు.