రూపకల్పన విద్య: లక్కబొమ్మ చెప్పు పాఠము

ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిసిన వెంటనే నర్సీపట్నములోని అనేక గృహములలో ఒకే చర్చ సాగును. ఇంజనీరింగా, వైద్యమా, సాధారణమైన డిగ్రీయా? ఈ మూడింటిలో దేనియందును మనసు నిలువక, నోటు పుస్తకముల అంచులలో బొమ్మలు వేయుచు, చేతికి దొరికిన అట్టముక్కతో ఏదో యొక వస్తువు కట్టుచు కాలము గడపు బిడ్డ ఆ యింట ఉన్నచో తల్లిదండ్రులకు దిగులు కలుగుట సహజము. బొమ్మలు కూడు పెట్టునా యని వారడుగుదురు. ఈ ప్రశ్న మోటుదేమియు కాదు. బిడ్డ భవిష్యత్తును గూర్చిన ప్రశ్న. కనుక దానికి తగిన సమాధానము నిదానముగా వెదకవలసి యున్నది.

నేడు మన దేశమున రూపకల్పన యను విద్య కళాశాలలలో నేర్పబడుచున్నది. దీనినే డిజైన్ అని వ్యవహరింతురు. ఈ మాట వినగానే చీర అంచు మీది లతలో, గోడపత్రిక మీది రంగులో పలువురకు స్ఫురించును. అలంకారము రూపకల్పనలో ఒక భాగమే కాని అదియే రూపకల్పన కాదు. ఒక వస్తువు ఎవరి కొరకు, ఏ పనికి, ఏ పదార్థముతో, ఏ వెలకు, ఎట్లు తయారు కావలెనో ముందుగా ఆలోచించి నిర్ణయించుటయే రూపకల్పన.

మన యింటి చెంబును తీసికొనుడు. మెడ సన్నగా ఉండుటచే చేతి పట్టు జారదు. పొట్ట గుండ్రముగా ఉండుటచే నీరు ఎక్కువ పట్టును. అంచు వెలుపలికి వంగి యుండుటచే ధార తిన్నగా పడును. లోపల మూలలు లేకుండుటచే చింతపండుతో తోముట సులభము. ఇన్ని ప్రశ్నలకు సమాధానము చెప్పిన ఆ రూపమును ఒక్కరు ఒక్కనాట కల్పించినది కాదు. తరతరముల అనుభవము దానిని తీర్చిదిద్దినది. 1958లో ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను అమెరికన్ దంపతులు మన దేశమున పర్యటించి, ఇచ్చట రూపకల్పన విద్య ఎట్లుండవలెనో భారత ప్రభుత్వమునకు ఒక నివేదిక సమర్పించిరి. తాము చూచిన వస్తువులలో వారు మిక్కిలి మెచ్చుకొన్నది ఈ చెంబునే. ఆ నివేదిక ననుసరించి 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలసినది.

ఇక బహుశాస్త్ర రూపకల్పన యననేమి? తరతరములు చేసిన పనిని నేటి రూపకర్త నెలలలో చేయవలసి యున్నది. అందులకు ఒక్క విద్య చాలదు. చిత్రలేఖనము తెలిసినను పదార్థముల గుణము తెలియనివాడు కాగితము మీద మాత్రమే నిలిచెడి కుర్చీని గీయును. యంత్రశాస్త్రము తెలిసినను మనుష్యుల అలవాట్లు గమనింపనివాడు ఎవరును కూర్చుండని కుర్చీని నిర్మించును. కనుక చిత్రము, క్షేత్రగణితము, పదార్థ విజ్ఞానము, మానవ స్వభావ పరిశీలన, వ్యాపార గణన, వీనినన్నిటిని ఒక విద్యార్థికి కొంత కొంతగా నేర్పి, తక్కినదానిని ఆయా విద్యలు తెలిసినవారితో కలిసి సాధించుట నేర్పునదే ఈ చదువు.

దీనికి దృష్టాంతము కొరకు నర్సీపట్నము వాసులు దూరము పోనక్కరలేదు. నర్సీపట్నము వైపు కొండలలో పుట్టిన వరాహనది సముద్రమును చేరుటకు ముందు ఒక గ్రామము ప్రక్కగా పోవును. అదియే ఏటికొప్పాక. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనే ఈ రెండు ఊళ్ళును ఉన్నవి. ఏటికొప్పాక లక్కపిడతలతో ఆడుకొనని ఆడపిల్ల ఈ ప్రాంతమున ఒకప్పుడు అరుదు. అక్కడి పనివారు మెత్తనైన అంకుడు కర్రను లేత్ యంత్రమున బిగించి, అది తిరుగుచుండగా ఉలితో కోరిన ఆకారమును తీయుదురు. లక్కకు రంగు కలిపి కడ్డీలుగా చేసి, తిరుగుచున్న కర్రకు ఒత్తి పట్టుదురు. రాపిడిచే పుట్టిన వేడికి లక్క కరగి కర్రనంటుకొనును. పిమ్మట మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెట్టుదురు. కుంకుమ భరిణె, బొంగరము, చిన్న తిరుగలి, పెండ్లికూతురు, పెండ్లికొడుకు, అన్నియు ఆ విధముగనే రూపొందును.

కృత్రిమమైన రంగులు చవుకగా లభించుటతో ఒక దశలో సహజ వర్ణముల వాడుక వెనుకబడినది. కాని బొమ్మతో ఆడుకొను పసివాడు దానిని చూచి ఊరకుండడు; నోట పెట్టుకొనును. రంగులో సీసము వంటి లోహమున్నచో అది బిడ్డ మెదడు ఎదుగుదలకే చేటు తెచ్చును. అనగా బొమ్మ అందముగా ఉన్నదా యను ప్రశ్నకు ముందు, అది నోట పెట్టుకొనదగినదా యను ప్రశ్న నిలిచినది. ఆ గ్రామమునకు చెందిన సి.వి. రాజుగారు పనివారితో కలిసి, మొక్కల నుండి తీసెడి రంగులను మరల వాడుకలోనికి తెచ్చుటకు అనేక సంవత్సరములు కృషి చేసిరి. పసుపుకొమ్ము నుండి పసుపుపచ్చ, నీలిమొక్క నుండి నీలము, జాఫ్రా గింజల నుండి నారింజవన్నె లభించును. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటము ఈ బొమ్మలతోనే నడిచినది.

ఈ కథలో ఎన్ని విద్యలు కలిసి పనిచేసినవో గమనింపుడు. రంగు తీయుటకు వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము కావలెను. పసుపు రంగు వెలుతురుకు వెలిసిపోవు స్వభావము కలదని తెలిసినవాడే అది నిలుచు ఉపాయము వెదకును. బొమ్మ అంచు గీసుకొనకుండ, ముక్క ఊడి గొంతులో అడ్డుపడకుండ చూచుటకు శిశువుల ప్రవర్తన తెలియవలెను. చట్టమును తెలియవలెను. 2021 జనవరి 1 నుండి మన దేశమున ఆటబొమ్మలకు భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తు తప్పనిసరి యైనది. నమోదు చేసికొన్న చేతిపనివారికి మాత్రము మినహాయింపు కలదు. అంకుడు కర్ర కొరత వచ్చినపుడు అడవి పెంపకమును గూర్చి ఆలోచింపవలెను. బొమ్మ దూరదేశమునకు పగులకుండ చేరుటకు తగిన పెట్టె కావలెను. కొనువానికి దాని కథ తెలుపుటకు పెట్టెపై నాలుగు మంచి వాక్యములు కావలెను. వీనిలో ఏ ఒక్కటి లోపించినను ఉలి పట్టిన చేతికి కూలి గిట్టదు. పలు విద్యల కూడలియందు నిలిచి ఈ ప్రశ్నలన్నిటిని ఒక వరుసలో పెట్టగలవానికే రూపకర్త యని పేరు.

కళను వృత్తిని ఒకచోట నేర్పవలెనను తలంపు తెలుగువారికి క్రొత్త కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు 1910లో మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో సాధారణ విద్యతోపాటు చిత్రకళ, చేతిపనులు బోధింపబడినవి. అచ్చట ప్రమోదకుమార చటర్జీగారి వద్ద చిత్రకళ నభ్యసించిన అడివి బాపిరాజుగారు (1895–1952) పిదప ఆ కళాశాలకే ప్రధానాచార్యులైరి. వారు నవలలు వ్రాసిరి, చిత్రములు గీసిరి, చలనచిత్రములకు కళాదర్శకత్వము వహించిరి. ఆ కళాశాల వెలసిన తొమ్మిదేండ్లకు, 1919లో, జర్మనీలోని వైమార్ నగరమున వాల్టర్ గ్రోపియస్ స్థాపించిన బౌహౌస్ విద్యాలయములో ఒక్కొక్క కర్మశాలకు ఇద్దరు గురువులుండెడివారు. ఒకరు రూపమును నేర్పు కళాకారులు. మరియొకరు పనిని నేర్పు వృత్తికారులు. నేటి డిజైన్ కళాశాలలకు ఆ పద్ధతియే మూలము. గురువు లిద్దరుండుట వలన విద్యార్థికి రెండు విధముల వినయము అలవడెను.

డిజైన్ కళాశాలకు పోకయే గొప్ప పని చేసినవారును లేకపోలేదు. బాపుగారు (1933–2014) చదివినది న్యాయశాస్త్రము. అయినను వారి గీత, వారి చేవ్రాత, వారి చలనచిత్రము తెలుగువారి కంటికి ఒక క్రొత్త అలవాటు నేర్పినవి. అట్లయిన కళాశాల యేల యని అడుగవచ్చును. ప్రతిభ యున్నవారికి సైతము పనిముట్లు, తప్పు చూపించు గురువు, వేరు విద్యలు నేర్చు సహాధ్యాయులు, తప్పి మరల చేయుటకు తగిన వ్యవధి, ఈ నాలుగును ఒకచోట దొరకుట కష్టము. నగరములలో పెరిగినవారికి ఇవి పరిచయముల వలన కొంత దొరకవచ్చును. నర్సీపట్నము వంటి పట్టణములోని సామాన్య కుటుంబపు బిడ్డకు కళాశాలయే ఆ పరిచయము.

ఇప్పుడు తెలుగునాట ఈ విద్యకు గల దారులు చెప్పవలెను. ఆంధ్రప్రదేశ్ జాతీయ డిజైన్ సంస్థ 2015లో ఆరంభమై, 2019లో పార్లమెంటు చేసిన చట్టము వలన జాతీయ ప్రాధాన్యము గల సంస్థ యైనది. ఇందు వస్తు రూపకల్పన, సమాచార రూపకల్పన, వస్త్ర రూపకల్పన యను మూడు శాఖలు కలవు. చదువు నాలుగేండ్లు. ఇంటర్మీడియట్‌లో ఏ శాఖ చదివినవారైనను ప్రవేశ పరీక్షకు కూర్చుండవచ్చును. హైదరాబాదు ఐ.ఐ.టి.లో కూడ డిజైన్ పట్టము కలదు. దానికి బొంబాయి ఐ.ఐ.టి. నిర్వహించు యూసీడ్ పరీక్ష వ్రాయవలెను. వస్త్ర విద్యకు హైదరాబాదులోని నిఫ్ట్, లలితకళలకు విశాఖపట్నములోని ఆంధ్ర విశ్వవిద్యాలయపు శాఖ, హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయము ఉన్నవి.

ఈ ప్రవేశ పరీక్షలు కంఠస్థము చేసినవారికి లొంగునవి కావు. రద్దీగా నున్న బస్సు నిలుపుచోటును జ్ఞాపకము నుండి గీయుమనవచ్చును. ఒక సామాన్య వస్తువులోని లోపము కనిపెట్టి సవరింపుమనవచ్చును. చక్కని గీత కంటె నిశితమైన చూపునకు అచ్చట విలువ ఎక్కువ. చేరిన పిమ్మట మొదటి యేడు అందరకును పునాది పాఠములు. రేఖ, వర్ణము, కొలత, కర్ర, మట్టి, లోహము, కాగితము, వీనితో చేతులు అలవాటు పడవలెను. పిదప శాఖ నెన్నుకొని, తుది దశలో ఒక సంస్థలోనో, చేతిపనివారి నడుమనో నిజమైన సమస్య నెత్తికొని పరిష్కరింపవలెను.

చదువు ముగిసినవారు గృహోపకరణములు, వైద్య పరికరములు, వాహనములు, పుస్తకములు, చలనచిత్రములు, ఫోను తెరలు, వస్త్రములు తయారగు చోట్ల పని చేయుదురు. కొందరు స్వతంత్రముగా వృత్తి నెరపుదురు. ఇంజనీరింగు వలె వందలాది ఉద్యోగములు ఒక్కచోట ఎదురుచూచునవి కావు. ప్రారంభ వత్సరములలో ఆదాయము నిలకడగా ఉండకపోవచ్చును. దీనిని దాచి బిడ్డను పంపుట మేలు కాదు. పేరునకు డిజైన్ అని బోర్డు పెట్టి, నాలుగు కంప్యూటర్ పనిముట్లు మాత్రము నేర్పి పెద్ద రుసుము పుచ్చుకొను చోట్లును ఉన్నవి. కనుక చేర్చుటకు ముందు ఆ పట్టమునకు విశ్వవిద్యాలయపు గుర్తింపు కలదా, కర్మశాల తలుపు విద్యార్థికి ఎన్ని గంటలు తెరచియుండును, బోధించువారు స్వయముగా ఏ పని చేసిరి, క్రిందటి విద్యార్థులు నేడెక్కడ నున్నారు అని విచారింపవలెను. కర్మశాల చూపని కళాశాలలో చేరకుండుటయే మంచిది.

మరి యొక మాట. కళాశాలలో నేర్చిన బిడ్డ ఏటికొప్పాక వంటి గ్రామమునకు పోయి, అక్కడి పనివానికి కాగితము చేతికిచ్చి ఇట్లు చేయుమని ఆజ్ఞాపించినచో ఆ చదువు సగమే యగును. అంకుడు కర్ర ఎచ్చట చీలునో, లక్క ఏ వేడికి పట్టునో ఎరిగినవాడు ఆ పనివాడు. రూపకర్త అతని జ్ఞానమునకు విలువ నిచ్చి, పేరులోను లాభములోను పాలు పంచినపుడే బొమ్మకును బ్రతుకు, బొమ్మ చేయువానికిని బ్రతుకు. పలు విద్యల కలయిక యన్నపుడు పుస్తకములకెక్కని విద్యలు కూడ ఆ లెక్కలో చేరవలెను.

ఈ చదువునకు సిద్ధపడుట నర్సీపట్నములోనే మొదలు పెట్టవచ్చును. మన్యము దిగి సంతకు వచ్చు చింతపండు, పసుపు, అడ్డాకులు ఎట్లు కట్టబడినవో చూడవలెను. బరువు మోయు స్త్రీ తలపైని చుట్టకుదురు ఎట్లున్నదో గమనింపవలెను. విస్తరాకును పుల్లలతో కుట్టు చేతుల నడక గీయవలెను. ఈ వస్తువు ఇట్లే యేల యున్నది, ఎవరికి సుఖము, ఎవరికి శ్రమ యని దినమునకొక పుట వ్రాసికొనవలెను. ఒక యేడు ఇట్లు చేసిన బిడ్డకు ప్రవేశ పరీక్ష భయము తగ్గును. తల్లిదండ్రులకును బిడ్డ ఆసక్తి క్షణికమో స్థిరమో తెలియును. బొమ్మలు కూడు పెట్టునా యను ప్రశ్నకు ఆ పుటలే సమాధానము చెప్పును. వట్టి బొమ్మ పెట్టకపోవచ్చును. ఎవరి అక్కరనో తీర్చుటకై ఆలోచించి చేసిన బొమ్మ వరాహనది ఒడ్డున అనేక కుటుంబములకు నేటికిని కూడు పెట్టుచున్నది.